ఒక్క రిపోర్టుతో తిండి మార్చేయొచ్చా? హిమోగ్లోబిన్, పాప బరువు, క్రియాటినిన్ అంకెల గురించి

మీరు అడిగినది ఇదీ. చీపురుపల్లిలో ఉండే అమ్మగారికి (46 ఏళ్లు) ఊళ్లో పెట్టిన క్యాంపులో వేలు పొడిచి చూస్తే హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. నాలుగు రోజులు పోయాక ల్యాబ్‌లో చేయిస్తే 11.2 అన్నారు. 14 నెలల మేనకోడలు అంగన్‌వాడీ తూకంలో పోయిన నెల 8.0 కిలోలు, ఈ నెల 7.8. కవిటిలో మామయ్యగారికి (52 ఏళ్లు) క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) 1.3 రాగానే ఇంట్లోవాళ్లు పప్పు, గుడ్డు మాన్పించేశారు. అమ్మగారికి మాత్రం చోడంబలి (రాగి అంబలి), బెల్లం, తోటకూర పెంచారు. ఏ అంకెను నమ్మాలి, తిండిలో ఏం మార్చాలి అన్నది మీ సందేహం.

ముందు తొందరగా చెప్పాల్సినవి. అమ్మగారికి వచ్చిన రెండు అంకెలూ వేరుగా కనిపించినా చెయ్యాల్సిన పని ఒక్కటే. పాప బరువు ఇంకో రెండు కొలతలు తోడైతే గానీ ఏమీ తేల్చదు. కానీ దండచేయి చుట్టుకొలత మాత్రం ఈ వారంలోనే చూడండి. మామయ్యగారికి పప్పు మాన్పించింది డాక్టరు కాకపోతే మళ్లీ పెట్టండి. మళ్లీ పరీక్ష చేయించకుండా, మూత్రం చూడకుండా 1.3 మీద ఆ నిర్ణయం చెయ్యకూడదు.

ఇక అమ్మగారి సంగతి. 9.6కీ 11.2కీ మధ్య తేడా 1.6 గ్రాములు. నాలుగు రోజుల్లో ఒంట్లో రక్తం అంత పెరగదు. ఐరన్ మాత్రలు బాగా పట్టినవాళ్లకు కూడా నెలకు 1 నుంచి 2 గ్రాములు పెరిగితే మంచి ఫలితమే. కాబట్టి ఆ తేడా కొలవడంలో వచ్చింది. అంబలికి ఆ ఘనత కట్టబెట్టకండి.

వేలి రక్తంతో చూసేటప్పుడు అంకె ఎక్కడ చెడుతుందో తెలిస్తే క్యాంపు రిపోర్టును ఎంతవరకు పట్టించుకోవాలో తెలుస్తుంది. చేయి చల్లగా ఉన్నా, సూది పైపైన దిగినా చుక్క రాదు. అప్పుడు వేలిని పిండుతారు. పిండితే కండలోని నీరు రక్తంలో కలిసి అంకె పడిపోతుంది. స్పిరిట్ ఆరకముందే పొడిస్తే అది కూడా చుక్కలో కలుస్తుంది. పద్ధతిగా చేసేవాళ్లు చేతిని వెచ్చబరిచి, మధ్యవేలు గానీ ఉంగరపు వేలు గానీ తీసుకుని, కొస మీద కాకుండా కాస్త పక్కగా పొడుస్తారు. మొదటి రెండు మూడు చుక్కలు పొడి దూదితో తుడిచేసి, ఆ తర్వాత దానంతట అదే ఊరిన పెద్ద చుక్కను తీసుకుంటారు. చిన్న ప్లాస్టిక్ పలక లాంటి క్యువెట్ ఆ ఒక్క చుక్కతోనే నిండాలి. సగం నిండాక ఇంకో చుక్కతో పూరిస్తే లోపల గాలి బుడగ ఉండిపోతుంది. క్యువెట్ల డబ్బా మూత తెరిచి ఉంచితే మన సముద్రతీరపు తేమకు అవి పాడైపోతాయి. లైనులో వందమంది నిలబడి ఉండగా ఇవన్నీ ప్రతి ఒక్కరికీ జరిగాయనుకోవడం అత్యాశే.

అలాగని ల్యాబ్ అంకె దేవుడి మాటేం కాదు. చేతికి కట్టిన రబ్బరు పట్టీ నిమిషం దాటి బిగిసి ఉంటే అక్కడి రక్తం చిక్కబడి అంకె పెరుగుతుంది. ఊదా మూత గొట్టంలో రక్తం పట్టాక దాన్ని ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిరగెయ్యకపోతే మందు సరిగా కలవక గడ్డలు కడతాయి. మనిషి పడుకుని ఉంటే ఒక అంకె, నిలబడి తిరిగి వచ్చి కూర్చోగానే ఇంకో అంకె వస్తుంది, ఎందుకంటే నిలబడితే రక్తంలోని నీరు కొంత బయటికి జారుతుంది. హిమోగ్లోబిన్ అంటే ఒంట్లో మొత్తం ఎంత ఉందని కాదు, డెసిలీటరు రక్తంలో ఎంత ఉందని. పులుసులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ వేసిన ఉప్పు ఎక్కడికీ పోదు కదా, ఇదీ అలాంటిదే. గర్భిణుల్లో రెండో త్రైమాసికంలో (మధ్య మూడు నెలల్లో) అంకె పడిపోవడానికి ముఖ్య కారణం రక్తంలో నీటి భాగం ఎర్ర కణాల కంటే ఎక్కువగా పెరగడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మూడు నెలలకు హద్దును 11 నుంచి 10.5కు దించింది కూడా.

మీ అమ్మగారి వయసులో గర్భం లేని ఆడవాళ్లకు హద్దు 12. 11 నుంచి 11.9 వరకు తేలికపాటి రక్తహీనత, 8 నుంచి 10.9 వరకు మధ్యస్థం, 8 కంటే తక్కువైతే తీవ్రం. అంటే 9.6 అయినా 11.2 అయినా 12 కంటే కిందే. రెండు అంకెలు పోట్లాడుకుంటున్నప్పుడు ఏది నిజమో తేల్చుకోవడం కంటే, ఒక్కోటి నిజమైతే చేసే పని మారుతుందా అని చూసుకోవాలి. ఇక్కడ మారదు. రక్తం ఎందుకు తగ్గిందో వెతకాలి, అంతే.

ఆ వెతుకులాటకు హిమోగ్లోబిన్ ఒక్కటే చాలదు. ఐరన్ తక్కువైనా, బీ12 తక్కువైనా, ఫోలిక్ ఆమ్లం తక్కువైనా, నెలసరి ఎక్కువగా పోతున్నా, మొలల్లో రక్తం పోతున్నా, కొంకిపురుగులున్నా, కిడ్నీ దెబ్బతిన్నా, పుట్టుకతో తలసీమియా లక్షణం (తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ లోపం) ఉన్నా అదే అంకె రావచ్చు. ల్యాబ్‌లో చేసినది పూర్తి సీబీసీ (రక్తకణాల లెక్క) అయితే ఆ కాగితంలోనే ఇంకా మూడు అంకెలు చూడండి: ఎమ్‌సీవీ (ఎర్ర కణం సగటు సైజు), ఆర్‌బీసీ కౌంట్ (ఎర్ర కణాల సంఖ్య), ఆర్‌డీడబ్ల్యూ (కణాల సైజుల్లో తేడా). ఎమ్‌సీవీ 80 కంటే తక్కువ అంటే కణాలు చిన్నవి, ఐరన్ లోటు గానీ తలసీమియా లక్షణం గానీ అయ్యుండొచ్చు. ఎమ్‌సీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగించి చూడండి. ఎమ్‌సీవీ 68, కౌంట్ 5.6 ఉంటే 12 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా లక్షణం వైపు అనుమానం ఎక్కువ. ఇది అనుమానమే గానీ నిర్ధారణ కాదు. నిర్ధారణకు హిమోగ్లోబిన్ రకాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన కుటుంబాల్లో అయితే సికిల్‌సెల్ కోసం ఎలాగూ చూడాలి. తలసీమియా లక్షణం, సికిల్‌సెల్ ఉన్నవాళ్లకు ఐరన్ లోటు ఉందో లేదో చూడకుండా ఏళ్ల తరబడి ఐరన్ మింగించడం మంచిది కాదు.

అందరూ బోర్లా పడేది ఇంకో చోట. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బీ12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ కలిసి తక్కువైతే సగటు 88 దగ్గర కూర్చుని అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. చిన్నా పెద్దా కలగలిసి ఉన్నాయని ఆర్‌డీడబ్ల్యూ చెబుతుంది, అది పెరిగి ఉంటుంది. నీచు ముట్టని ఇళ్లలో, పాలు కూడా టీలోకి తప్ప తాగనివాళ్లలో ఇది చూసుకోవాలి.

ఐరన్ నిల్వలు తెలియాలంటే ఫెర్రిటిన్. పెద్దవాళ్లలో లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే నిల్వలు అడుగంటినట్టే. కానీ జ్వరం, కీళ్ల వాపు, పుండు, ఏ ఇన్ఫెక్షన్ ఉన్నా ఫెర్రిటిన్ అబద్ధంగా పెరుగుతుంది. అందుకే దానితోపాటు ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ చేయిస్తారు. వాపు ఉన్నప్పుడు పెద్దవాళ్లలో హద్దును 70 దాకా తీసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. గత వారం జ్వరం వచ్చి తగ్గిన మనిషికి ఫెర్రిటిన్ 45 వచ్చిందని ఐరన్ సరిపడా ఉందనుకోకూడదు. ఈ పరీక్ష ఖర్చుతో కూడినది. డబ్బు ఇబ్బందిగా ఉంటే ముందు సీబీసీ, నెలసరి సంగతి, మొలల సంగతి డాక్టరుతో విడమరిచి మాట్లాడటం ఎక్కువ పనికొస్తుంది. 46 ఏళ్ల వయసులో రక్తం తగ్గడానికి వంట కంటే నెలసరే కారణం కావడం మామూలు. ఇంట్లో సిగ్గుపడి అది చెప్పరు, తోటకూర మాత్రం వండుతారు.

మాత్రలు మొదలుపెడితే మళ్లీ పరీక్ష నాలుగు వారాలకు, అదే ల్యాబ్‌లో, సిర రక్తంతో, పొద్దుటే, అయిదు పది నిమిషాలు కూర్చున్నాక. వారానికే చేయించి పెరగలేదని మానేసేవాళ్లే ఎక్కువ. అంకె 12 దాటాక కూడా నిల్వలు నిండటానికి దాదాపు మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. డాక్టరు చెప్పేవరకు ఆపకండి.

మామయ్యగారిది ఉద్దానం కాబట్టి భయం అర్థమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎవరింట్లోనో ఒకరింట్లో చూసినదే. కానీ క్రియాటినిన్ కండ నుంచి వచ్చే పదార్థం. కండ ఎక్కువున్నవాడికి ఎక్కువ, తక్కువున్నవాడికి తక్కువ వస్తుంది. 2021 సీకేడీ-ఎపి సూత్రంతో లెక్క కడితే, అదే 1.3 క్రియాటినిన్‌కు 25 ఏళ్ల కుర్రాడికి కిడ్నీ వడపోత వేగం (ఈజీఎఫ్‌ఆర్) సుమారు 78, 52 ఏళ్ల మగవాడికి 66, 52 ఏళ్ల ఆడమనిషికి 49 వస్తుంది. అంకె ఒక్కటే, అర్థాలు మూడు. బక్కపలచగా, కండ కరిగిపోయిన మనిషిలో ఈ సూత్రం కూడా అసలు కంటే మెరుగ్గా చూపిస్తుంది. అంటే 1.0 వచ్చిన సన్నటి కూలీకి ఏమీ లేదనడమూ తప్పు కావచ్చు, 1.3 వచ్చిన దిట్టమైన మనిషికి జబ్బు అనడమూ తప్పు కావచ్చు.

పరీక్షకు ముందు రాత్రి మాంసం గట్టిగా తిన్నా, జీడితోటలోనో కొబ్బరితోటలోనో ఎండలో పనిచేసి నీళ్లు తాగకుండా వచ్చినా, ఒళ్లునొప్పులకు షాపులో ఇచ్చే నొప్పిమాత్రలు మింగినా క్రియాటినిన్ పెరుగుతుంది. మళ్లీ చేయించేటప్పుడు ముందురోజు మాంసం వద్దు, ఎండపని వద్దు, నీళ్లు మామూలుగా తాగాలి. నొప్పిమాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని పేరు పెట్టాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలవాలి: ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా గానీ, మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రోటీన్)-క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటి గానీ. ఉద్దానంలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి జబ్బు వడపోత గుత్తుల కంటే చిన్న నాళాల వైపు ఎక్కువ కాబట్టి చాలామందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. పట్టీ ముంచి ‘ప్రోటీన్ లేదు’ అన్నారని ధీమాగా ఉండకూడదు, రక్తం కూడా చూడాలి. నీటి విషయంలోనూ ఇదే. ఒక బోరు నుంచి ఒకసారి తీసిన సీసాడు నీళ్లలో ఏదో ఒక మూలకం ఎక్కువ ఉందని తేలితే అదే కారణమని ప్రచారమైపోతుంది. బోరు లోతు మారితే, వానలు పడితే, ఎండాకాలం వస్తే ఆ అంకె మారుతుంది. పైగా ఇరవై ఏళ్ల కిందట ఆ మనిషి ఏ నీళ్లు తాగాడో ఈనాటి సీసా చెప్పదు. ఉద్దానం జబ్బుకు కారణం ఫలానాదని ఇప్పటికీ తేలలేదు.

పప్పు ఎందుకు మాన్పించకూడదో కూడా చెప్పాలి. ప్రోటీన్ తగ్గిస్తే కొన్నాళ్లకు కండ తగ్గుతుంది, కండ తగ్గితే క్రియాటినిన్ కూడా కొంత దిగుతుంది. ఇంట్లోవాళ్లు పథ్యం పనిచేసిందనుకుంటారు. నిజానికి మనిషి నీరసించాడు, కిడ్నీ ఎక్కడున్నది అక్కడే ఉంది. క్రియాటినిన్ పక్కన ఎప్పుడూ బరువు రాయమనేది ఇందుకే.

పాప తూకం దగ్గరకు వద్దాం. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య ఆడపిల్ల సగటున నెలకు 200 గ్రాముల చొప్పున పెరుగుతుంది. మీరు చెప్పిన తగ్గుదల కూడా 200 గ్రాములే. ఒకసారి కడుపునిండా పాలు తాగితే 100 గ్రాములు దాటొచ్చు. తడిసిన లంగోటీ, చలికాలపు స్వెటరు, వెండి మొలతాడు, కాళ్ల కడియాలు ఇంకో వంద రెండు వందలు. వేలాడే స్ప్రింగు త్రాసులో ఒక్కో గీత 100 గ్రాములు, పిల్ల ఏడుస్తూ తన్నుకుంటుంటే ముల్లు రెండు గీతల మధ్య ఆడుతూనే ఉంటుంది. నెల పెరుగుదల ఎంతో పొరపాటుకు అవకాశమూ అంతే ఉన్నప్పుడు రెండు తూకాలు పోల్చి పాప చిక్కిపోయిందని చెప్పలేం, బాగా ఉందనీ చెప్పలేం.

చెయ్యాల్సిందేమిటంటే, అదే త్రాసు, అదే వేళ, పాలు తాగించకముందు, ఒంటిమీద పలచటి చొక్కా తప్ప ఏమీ లేకుండా తూచాలి. తూచే ముందు ఖాళీ జోలెతో ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి. నెలకోసారి కిరాణా కొట్టు నుంచి అయిదు కిలోల తూనికరాయి తెచ్చి వేలాడదీస్తే త్రాసు నిజాయితీ తెలిసిపోతుంది. అంగన్‌వాడీ టీచరుగారిని అడిగితే కాదనరు, వాళ్లకూ ఈ త్రాసులతో తలనొప్పే. రెండుసార్లు తూచండి. 100 గ్రాముల కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి.

14 నెలల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణంలో నడిమి బరువు 9.4 కిలోలు, తక్కువ బరువు హద్దు 7.4, తీవ్రంగా తక్కువ అనేది 6.6. మీ పాప 7.8 దగ్గర ఉంది. హద్దు దాటలేదు, కానీ దానికి దగ్గరలోనే ఉంది. బరువు ఒక్కటే చూస్తే పొట్టిగా ఉండి ఆరోగ్యంగా ఉన్న పిల్లకూ, పొడవుగా ఉండి ఈమధ్యే చిక్కిపోయిన పిల్లకూ తేడా తెలియదు. పొడవు కొలవాలి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు కలపాలి. ఇద్దరు ఉండాలి: ఒకరు తల చెక్కకు ఆనేలా పట్టుకుంటే, ఇంకొకరు మోకాళ్లు నొక్కి పాదాలు నిటారుగా ఉంచి జరిపే చెక్కను ఆనించాలి. ఈ వయసుకు 71 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎదుగుదల గిడసబారిందని అర్థం. పిల్ల మోకాలు ముడుచుకుంటే ఒక్క సెంటీమీటరు ఇట్టే పోతుంది. పుట్టినతేదీ నెల అటూ ఇటూ అయినా అంతే, లేని లోపం కాగితం మీదికి ఎక్కుతుంది.

దండచేయి పట్టీ చవక, ఇంట్లోనే చూడొచ్చు. ఎడమ చేయి. భుజం ఎముక కొన నుంచి మోచేతి కొన వరకు చేయి మడిచి కొలిచి, సరిగ్గా సగం దగ్గర పెన్నుతో గీత పెట్టాలి. తర్వాత చేయి చాపి వేలాడనిచ్చి ఆ గీత మీద పట్టీ చుట్టాలి. చర్మం నొక్కుకుపోకూడదు, వదులుగానూ ఉండకూడదు. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే పచ్చ, 11.5 నుంచి ఆ లోపు పసుపు, 11.5 కంటే తక్కువైతే ఎరుపు. పసుపు వస్తే ఏఎన్‌ఎమ్‌కు చూపించి వారం వారం కొలవాలి, ఎరుపు వస్తే అదేరోజు పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి.

ఇంకోటి మరిచిపోవద్దు. రెండు పాదాల పైన బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తియ్యండి. గుంట అలాగే నిలిచిపోతే ఒంట్లో నీరు పట్టినట్టు. అలాంటి పిల్లకు త్రాసులో బరువు బాగానే వస్తుంది, కొన్నిసార్లు పోయిన నెల కంటే పెరిగి కూడా కనిపిస్తుంది. కానీ అది తీవ్రమైన పోషణలోపమే, ఆసుపత్రిలో చేర్చాల్సిన కేసు. బరువు అంకె పూర్తిగా తలకిందులుగా చెప్పే సందర్భం ఇదొక్కటీ.

తిండి అంకెలు చూద్దాం. చోళ్లలో ఐరన్ చాలా ఉందంటారు కదా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల చోళ్లకు ఐరన్ 4.6 మిల్లీగ్రాములు, కాల్షియం 364. కాల్షియం అంకె పక్కనే ‘±58’ అని కూడా ఉంటుంది. దేశంలో వేర్వేరు చోట్ల తెచ్చిన నమూనాల్లో అంత తేడా వచ్చిందన్నమాట. మీ ఊరి చోళ్లు ఆ సగటు మీదే కూర్చోవు. అదీగాక అది 100 గ్రాముల పొడి గింజలకు. గ్లాసుడు పలచటి అంబలిలో పిండి 25 గ్రాములనుకుంటే ఐరన్ 1.15 మిల్లీగ్రాములు. మన ధాన్యపు భోజనాల్లోంచి ఒంటికి పట్టేది 8 శాతం అని 2020 ఐసీఎమ్ఆర్ సిఫార్సుల్లో లెక్క కట్టారు. అంటే గ్లాసు అంబలి నుంచి దాదాపు 0.09 మిల్లీగ్రాములు. నెలసరి ఉన్న ఆడమనిషికి ఒంటికి పట్టాల్సింది సగటున రోజుకు 1.2 దాకా. అంబలి మానమని కాదు, కాల్షియానికి అది మంచి తిండి, ఎండాకాలంలో దాన్ని మించింది లేదు. కానీ 9.6ను 12 చేసేది అది కాదు. తోటకూర, బెల్లం అంకెల్లోనూ మట్టి, దుమ్ము, బెల్లం కాచిన పెనం నుంచి వచ్చిన ఇనుము కొంత కలిసి ఉండొచ్చు. ల్యాబ్‌లో అది ఐరన్‌గానే తేలుతుంది, పేగులకు మాత్రం పెద్దగా పట్టదు.

పట్టే శాతాన్ని పెంచుకోవడం మన చేతిలో పని. చోళ్లు రాత్రంతా నానబెట్టి మొలకకట్టి ఆరబెట్టి పిండి పట్టిస్తే, లేదా పిండి ముందురోజే కలిపి పులియబెడితే ఐరన్‌ను బంధించే ఫైటేట్ తగ్గుతుంది. తోటకూర పప్పు అన్నంలో నిమ్మకాయ పిండుకోవడం గానీ, భోజనం మీదే జామకాయో ఉసిరికాయో తినడం గానీ చెయ్యాలి. టీ భోజనానికి గంట ముందో, గంటన్నర తర్వాతో. నీచు తినే ఇల్లయితే ఆ పూట కూరలో నాలుగు ఎండు నెత్తళ్లు వేసినా మిగతా కూరలోని ఐరన్ కూడా బాగా పడుతుంది, బీ12 కూడా వస్తుంది. మామయ్యగారింట్లో ఎండుచేపల ఉప్పు సంగతి మాత్రం చూసుకోవాలి.

‘నిన్న ఏం తిన్నారు’ అని ఒక్కరోజు అడిగి, మీకు ఐరన్ 16 మిల్లీగ్రాములే అందుతోంది, కావలసింది 29, కాబట్టి లోటు అని రాసిచ్చే ఆహార చార్టుల మీద నాకు నమ్మకం తక్కువ. రెండు తప్పులున్నాయి అందులో. నిన్న ఆదివారమైతే కోడికూర, అమావాస్య అయితే ఒంటిపూట. ఒక మనిషి తిండి రోజుకో రకంగా ఉంటుంది. విటమిన్ ఏ అయితే మరీను, మామిడిపళ్ల కాలంలో ఒక్క వారం కొలిస్తే ఏడాదంతా సమృద్ధి అన్నట్టు వస్తుంది. కనీసం మూడు రోజులు, వరసగా కాకుండా, అందులో ఒకటి సెలవురోజు ఉండేలా అడగాలి. అడిగేటప్పుడు ‘గరిటెడు’ అంటే ఆ ఇంటి గరిటె తెప్పించి నీళ్లతో కొలవాలి. ఒక్కోటి 40 మిల్లీలీటర్లూ ఉంటుంది, 120 కూడా ఉంటుంది. రెండో తప్పు 29 దగ్గర. ఆ అంకె దాదాపు అందరి అవసరాన్నీ తీర్చేలా ఎత్తులో పెట్టిన సిఫార్సు. సగటు ఆడమనిషి అవసరం 15. రోజుకు 18 తినే మనిషికి లోటు ఉండొచ్చు, లేకపోవచ్చు. 29 కంటే తక్కువ కాబట్టి లోటే అనడం లెక్క తెలియక చేసే పని.

పేపర్లలో వచ్చే శాతాలకూ ఇదే వర్తిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి రక్తంతో చూస్తే 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 58.6 శాతానికి రక్తహీనత. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర రక్తంతో చూస్తే 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం దగ్గర. వయసుల్లో కొంచెం తేడా ఉంది, పద్ధతిలో చాలా తేడా ఉంది. రెండు ఏళ్లలో దేశానికి రక్తం పట్టేసిందని ఎవరూ అనరు కదా.

‘ఫలానాది రక్తంలో ఎక్కువున్నవాళ్లకు జబ్బు తక్కువ’ అనే వార్తలు చదివి ఆ ఫలానాది బిళ్లల రూపంలో కొనేముందు బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం) సంగతి తెలుసుకోండి. రక్తంలో అది ఎక్కువున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. సరే అని ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే మగవాళ్లు 29,133 మందితో పరీక్ష పెట్టి, అందులో కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బిళ్లలు మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. రక్తంలోని ఆ అంకె కూరలు, పళ్లు తినే మనుషుల్ని చూపించే గుర్తే తప్ప, వాళ్లను కాపాడిన వస్తువు అది ఒక్కటే కాదు. మన ఊళ్లలో మల్టీవిటమిన్ల మీద పెట్టే డబ్బులో సగం గుడ్ల మీద పెడితే మేలు.

అమ్మగారికి షుగర్ కూడా చూపిద్దామనుకుంటున్నానని చివర్లో రాశారు. ఇప్పుడే మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఒక్కటే చేయించకండి. ఐరన్ లోటులో ఎర్ర కణాలు ఎక్కువకాలం తిరుగుతాయి కాబట్టి షుగర్ లేకపోయినా ఆ అంకె కాస్త పెరిగి కనిపిస్తుంది, 6.5 హద్దు దగ్గర ఉన్నవాళ్లకు అది చాలు పేరు పడిపోవడానికి. సికిల్‌సెల్ లాంటివి ఉంటే దీనికి వ్యతిరేకంగా తక్కువ చూపిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి పొద్దుట నీళ్లు తప్ప ఏమీ తాగకుండా, టీ చుక్క కూడా లేకుండా, పరగడుపు షుగర్ సిర రక్తంతో చేయించండి. 126, అంతకు మించి వస్తే ఇంకోరోజు మళ్లీ చేయించాలి. రెండుసార్లూ అలాగే వస్తేనే మధుమేహం అంటారు. రక్తం పట్టి రెండు మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ చేయిస్తే అప్పుడు ఆ అంకెకు అర్థం ఉంటుంది.